3-ఏటీ ప్లేటు సరైన జవాబు ఇవ్వనప్పుడు: ఈస్టులో అమినో ఆమ్లాల నియంత్రణ పరీక్షలు

బేకరీ ఈస్టుకు ఏ ఒక్క అమినో ఆమ్లం తక్కువైనా, అది ఆ ఒక్కదాని తయారీని పెంచి ఊరుకోదు. వేర్వేరు అమినో ఆమ్లాలను తయారుచేసే చాలా జన్యువులను కలిపి లేపుతుంది. అమినో ఆమ్లాలను మోసే టీఆర్‌ఎన్‌ఏలు ఏమీ ఎక్కక ఖాళీగా పోగుపడగానే జీసీఎన్2 కైనేజ్ (ఫాస్ఫేటు తగిలించే ఎంజైము) మేల్కొని, ప్రోటీన్ తయారీని మొదలుపెట్టించే ఈఐఎఫ్2లోని ఆల్ఫా భాగంలో 51వ సెరీన్‌కు ఫాస్ఫేటు తగిలిస్తుంది. దాంతో మొత్తం ప్రోటీన్ల తయారీ తగ్గుతుంది, జీసీఎన్4 అనే ప్రోటీన్ తయారీ మాత్రం పెరుగుతుంది. ఆ జీసీఎన్4 వెళ్లి జన్యువులను నడిపిస్తుంది.

ఈ దారి పనిచేస్తోందా అని చూడటానికి 3-ఏటీ (3-అమినోట్రయజోల్) కలిపిన ప్లేటు మీద హిస్టిడిన్ కొరత తెప్పిస్తారు: మామూలు ఈస్టు పెరగాలి, జీసీఎన్2 లేనిది పెరగకూడదు. ఈ పరీక్ష తప్పినప్పుడు చాలామంది ముందుగా జీసీఎన్2నో యాంటీబాడీనో అనుమానిస్తారు. కానీ ఎక్కువసార్లు అసలు లోపం అంతకుముందే ఉంటుంది: కణంలో కొరత నిజంగా ఏర్పడలేదు, లేదా మనం కోరని చోట ఏర్పడింది. అందుకే పైనుంచి కిందికి వెతకండి.

లక్షణం: 3-ఏటీ ప్లేటు మీద మామూలు స్ట్రెయిన్, జీసీఎన్2 తీసేసిన స్ట్రెయిన్ రెండూ ఒకేలా పెరుగుతున్నాయి

ముందు స్ట్రెయిన్ జీనోటైపు చూడండి. 3-అమినోట్రయజోల్ అడ్డుకునేది హిస్టిడిన్ తయారీలోని హిస్3 ఎంజైమును. ల్యాబుల్లో మామూలుగా వాడే బీవై4741, బీవై4742 స్ట్రెయిన్లలో హిస్3 జన్యువే పాడై ఉంటుంది కాబట్టి వాటికి మీడియాలో హిస్టిడిన్ ఇవ్వాల్సిందే. హిస్టిడిన్ ఇచ్చాక 3-ఏటీ ఎంత పోసినా కొరత రాదు. రెండు స్ట్రెయిన్లకూ హిస్3ను ఒకే తీరులో తిరిగి ఇవ్వండి: జీనోమ్‌లో దాని చోటనే, లేదా పీఆర్‌ఎస్313 లాంటి, కాపీలు తక్కువగా ఉండే సెంట్రోమియర్ ప్లాస్మిడ్ మీద. కాపీలు ఎక్కువగా ఉండే 2-మైక్రాన్ ప్లాస్మిడ్ వద్దు. కాపీలు పెరిగితే ఎంజైమూ పెరుగుతుంది, మామూలు మోతాదు చాలదు. ఒక స్ట్రెయిన్‌లో జన్యువును తొలగించడానికి హిస్3నే మార్కరుగా వాడి ఉంటే ఆ పోలికకు అర్థమే లేదు.

స్ట్రెయిన్ మార్చే వీలు లేకపోతే సల్ఫోమెట్యురాన్ మిథైల్ వాడండి. అది ఐసోలూసిన్, వాలిన్‌ల తయారీలోని ఐఎల్‌వీ2 ఎంజైమును అడ్డుకుంటుంది. డీఎంఎస్‌ఓలో కరిగించి, ఐసోలూసిన్, వాలిన్ లేని ప్లేట్లలో మిల్లీలీటరుకు 0.5 నుంచి 1 మైక్రోగ్రాము చొప్పున కలపాలి.

జీనోటైపు సరిగ్గా ఉంటే మీడియా చూడండి. వైపీడీలో (అన్ని పోషకాలూ ఉండే మీడియా) పెరిగిన కణాలను కడగకుండా చుక్కలు పెడితే హిస్టిడిన్ వెంట వస్తుంది. స్టెరైల్ నీళ్లతో రెండుసార్లు కడిగి, ఓడీ (కణాల సాంద్రత కొలత) 1 దగ్గర సమం చేసి, పది రెట్ల చొప్పున పలుచన చేస్తూ 5 మైక్రోలీటర్ల చుక్కలు పెట్టండి. ప్లేటుకు లీటరుకు 6.7 గ్రాముల అమినో ఆమ్లాలు లేని నైట్రోజన్ బేస్ (అమ్మోనియం సల్ఫేట్ కలిసినది), 20 గ్రాముల గ్లూకోజు, 20 గ్రాముల అగార్, స్ట్రెయిన్‌కు కావలసిన ఇతర సప్లిమెంట్లు. 3-ఏటీ స్టాకు 1 మోలార్, అంటే 100 మిల్లీలీటర్లకు 8.4 గ్రాములు. ఫిల్టర్ చేసి, అగార్ 55 డిగ్రీల దాకా చల్లారాక కలపండి. అర లీటరుకు 5 మిల్లీలీటర్లు పోస్తే 10 మిల్లీమోలార్, 15 పోస్తే 30. ఇది కలుపుమందుగా వాడిన రసాయనం, గ్లవ్స్ తప్పనిసరి.

లక్షణం: ఏదీ పెరగడం లేదు

3-ఏటీ లేని అదే ప్లేటు పక్కన లేకపోతే ఈ ప్రశ్నకు జవాబు దొరకదు. అక్కడా పెరగకపోతే యురాసిల్, లూసిన్, మెథియోనిన్‌లలో (బీవై4742కైతే మెథియోనిన్ బదులు లైసిన్) ఏదో మరిచారు. అక్కడ పెరుగుతుంటే మోతాదు ఎక్కువైంది. 5, 10, 20, 30 మిల్లీమోలార్లతో వరుస పెట్టండి. 3-ఏటీతో పాటు 1 మిల్లీమోలార్ హిస్టిడిన్ కలిపిన ప్లేటూ ఉంచండి. దాని మీద అన్నీ కోలుకుంటే కనిపించింది హిస్టిడిన్ కొరతే.

తొలగింపు స్ట్రెయిన్ చుక్కలో అక్కడక్కడ పెద్ద కాలనీలు వస్తే అవి సప్రెసర్ మ్యుటెంట్లు (మరో మార్పుతో లోపాన్ని దాటేసినవి) కావచ్చు. వాటిని లెక్కలోకి తీసుకోవద్దు, 30 డిగ్రీల దగ్గర రెండు నుంచి నాలుగు రోజులలోపే ఫోటో తీయండి.

లక్షణం: జీసీఎన్4-లాక్‌జెడ్ రిపోర్టర్ పెరగడం లేదు, లేదా మొదటి నుంచీ ఎక్కువగానే ఉంది

ఈ రిపోర్టర్ జీసీఎన్4 ఎంత తయారవుతోందో లాక్‌జెడ్ ఎంజైము ద్వారా చూపిస్తుంది. ఇక్కడ యంత్రాంగం తెలిస్తేనే తప్పు దొరుకుతుంది. జీసీఎన్4 ఎంఆర్‌ఎన్‌ఏ ముందుభాగంలో నాలుగు చిన్న ఓఆర్‌ఎఫ్‌లు (రైబోజోమ్ చదవగల భాగాలు) ఉంటాయి. మొదటిది చదివాక రైబోజోమ్‌లోని చిన్నదైన 40ఎస్ ఉపభాగం ఎంఆర్‌ఎన్‌ఏను వదలకుండా ముందుకు సాగుతుంది. కొరత లేనప్పుడు ఈఐఎఫ్2, జీటీపీ, మెథియోనిల్ టీఆర్‌ఎన్‌ఏల సముదాయం దానికి వెంటనే దొరుకుతుంది, నాలుగోదాన్ని చదివి ఊడిపోతుంది. కొరతలో ఆ సముదాయం ఆలస్యంగా దొరుకుతుంది కాబట్టి నాలుగోదాన్ని దాటేసి జీసీఎన్4 దగ్గర మొదలెడుతుంది. నియంత్రణ అనువాద దశలో ఉంది కాబట్టి ఎంఆర్‌ఎన్‌ఏ కొలిచి "మార్పు లేదు" అనడం తప్పు.

రిపోర్టర్ ప్లాస్మిడ్లలో పీ180లో నాలుగు ఓఆర్‌ఎఫ్‌లూ ఉంటాయి, పీ227లో నాలుగూ పనిచేయకుండా చేసినవి. రెంటినీ కలిపి నడపండి. పీ227 కూడా తక్కువగా ఉంటే లోపం ఓఎన్‌పీజీ కొలతలోనో (లాక్‌జెడ్‌ను రంగుతో కొలిచే పరీక్ష) ప్లాస్మిడ్‌లోనో ఉంది. పీ227 బాగుండి పీ180 కదలకపోతే కొరతనూ జీసీఎన్2నూ చూడాలి. 3-ఏటీ లేకుండానే పీ180 ఎక్కువగా చూపిస్తే కల్చర్ ముదిరిపోయి ఉంటుంది, లేదా లూసిన్ ఆక్సోట్రోఫ్‌కు (లూసిన్ సొంతంగా తయారుచేసుకోలేని స్ట్రెయిన్‌కు) లూసిన్ చాలి ఉండదు. లీటరుకు 100 మిల్లీగ్రాములు ఇచ్చి చూడండి. ఓడీ 0.5 దాటకముందే 10 మిల్లీమోలార్ 3-ఏటీ కలిపి, ఆరు గంటలు పెంచి కొలవండి. మోతాదు విపరీతంగా పెంచితే లాక్‌జెడ్ ప్రోటీన్ తయారీకే హిస్టిడిన్ చాలక సంఖ్య పడిపోతుంది.

లక్షణం: వెస్టర్న్‌లో (యాంటీబాడీతో ప్రోటీన్‌ను చూసే పరీక్ష) 3-ఏటీ లేని నమూనాలోనూ ఫాస్ఫో-ఈఐఎఫ్2 బ్యాండు

సెంట్రిఫ్యూజు చేసి చల్లటి నీళ్లతో కడుగుతున్నంతసేపూ కణాలకు గ్లూకోజు అందదు, దానికీ జీసీఎన్2 స్పందిస్తుంది. కల్చర్‌లోనే నేరుగా టీసీఏ (ట్రైక్లోరోఎసిటిక్ ఆమ్లం) 10 నుంచి 20 శాతం అయ్యేలా పోసి, ఆ తర్వాతే సెంట్రిఫ్యూజు చేయండి. జీసీఎన్4 ప్రోటీన్ చూడాలన్నా ఇదే దారి: కొరత లేని కణాల్లో దాని అర్ధాయుష్షు దాదాపు 5 నిమిషాలే, నెమ్మదిగా చేస్తే కనిపించకుండా పోతుంది. ఇతర బఫర్లు వాడితే 50 మిల్లీమోలార్ సోడియం ఫ్లోరైడు తప్పక ఉండాలి.

లక్షణం: జీసీఎన్4 బాగా పెరిగింది, కానీ కణంలో అమినో ఆమ్లం పోగుపడటం లేదు

ఇది లోపం కాదు. ఎంజైము ఎంత ఉన్నా తుది ఉత్పత్తి దాన్ని అడ్డుకుంటుంది (దీన్నే ఫీడ్‌బ్యాక్ అంటారు): లియు4ను లూసిన్, అరో3ను ఫెనైల్‌అలనిన్, అరో4ను టైరోసిన్, హోమ్3ను థ్రియోనిన్. జీసీఎన్4 పనిచేసిందా లేదా తెలియాలంటే లక్ష్య జన్యువుల ఎంఆర్‌ఎన్‌ఏ కొలవండి. ఉత్పత్తే కావాలంటే ఫీడ్‌బ్యాక్‌కు లొంగని మ్యుటెంట్ కావాలి: అరో4లో 229వ లైసిన్ స్థానంలో లూసిన్ పెట్టినది, లేదా ట్రైఫ్లోరోలూసిన్‌ను తట్టుకునేలా ఎంచిన లియు4 మ్యుటెంట్.