హైదరాబాద్ నుంచి విశాఖ: దూరం, ప్రయాణ సమయం సరిగ్గా లెక్కేసుకోవడం ఎలా?

హైదరాబాద్ నుంచి వైజాగ్ ఎంత దూరమని అడిగితే ఒకరు 500 కిలోమీటర్లు అంటారు, ఇంకొకరు 620 అంటారు. ఇద్దరిదీ నిజమే. మొదటిది గగన మార్గం, రెండోది రోడ్డు.

1. ముందు రెండు చివరలు తేల్చుకోండి. మ్యాపులో ఊరి పేరు కొడితే ఊరి నడుమ ఒక చుక్క నుంచి లెక్క మొదలవుతుంది. మియాపూర్–ఎల్బీనగర్ మెట్రో లైనే 29 కిలోమీటర్లు. ఎల్బీనగర్ వాళ్లకు విజయవాడ రోడ్డు గుమ్మంలోనే ఉంటుంది, మియాపూర్ వాళ్లకు ఊరు దాటడానికే గంట పడుతుంది. అందుకే ఇంటి చిరునామా ఇవ్వండి.

2. గగన దూరం కట్టండి. మ్యాపులో దూరం కొలిచే ఆప్షన్ ఉంది, కాగితం మీదా చేయొచ్చు. హైదరాబాద్ 17.39 ఉత్తర అక్షాంశం, 78.49 తూర్పు రేఖాంశం. విశాఖ 17.69, 83.22. రేఖాంశాల తేడా 4.73ను 106తో గుణిస్తే 501. అక్షాంశాల తేడా 0.30ను 111తో గుణిస్తే 33. రెండింటి వర్గాలు కూడి వర్గమూలం తీస్తే 502 కిలోమీటర్లు. చాలామంది తప్పు చేసేది ఇక్కడే: రేఖాంశాలు ధ్రువాల వైపు దగ్గరవుతాయి కాబట్టి మన దగ్గర ఒక్క డిగ్రీ 106 కిలోమీటర్లే. దానికీ 111 వేస్తే 24 కిలోమీటర్లు ఎక్కువ వస్తుంది.

3. రోడ్డు దూరం చూడండి. 65వ జాతీయ రహదారి మీద విజయవాడకు సుమారు 270, అక్కణ్నుంచి 16వ రహదారి మీద విశాఖకు 350. దారి ఆగ్నేయంగా విజయవాడకు దిగి, మళ్లీ ఈశాన్యానికి తిరుగుతుంది. ఆ వంపు వల్లే 120 పెరిగింది. మ్యాపు ఖమ్మం, సత్తుపల్లి మీదుగా దగ్గర దారి చూపిస్తే కిలోమీటర్లు చూసి మురిసిపోకండి. ఎంత మేర నాలుగు వరుసలో, ఎంత మేర రెండు వరుసలో చూశాకే తేల్చుకోండి.

4. రోడ్డు సమయం. బండి వందలో పోతుందని 620ని 100తో భాగించకండి. ఊళ్లు, టోల్‌గేట్లు, లారీలు కలిపితే సగటు 60 దాటడం కష్టం. అంటే 10 గంటల 20 నిమిషాలు. టిఫిను, భోజనం, డీజిల్‌కు గంటన్నర. మొత్తం దాదాపు 12 గంటలు. మ్యాపులో బయల్దేరే సమయం తప్పక పెట్టండి, లేకపోతే ఇప్పటి ట్రాఫిక్కే చూపిస్తుంది. సంక్రాంతి ముందు రోజుల్లో చౌటుప్పల్ దగ్గర పంతంగి టోల్‌గేటుకే ఈ లెక్క తలకిందులవుతుంది.

5. విమానం సమయం. టికెట్ మీది గంటంపావు ప్రయాణంలో ఒక ముక్కే. మియాపూర్ నుంచి శంషాబాద్‌కు గంటంపావు, చెక్-ఇన్ కౌంటర్ సాధారణంగా గంట ముందే మూసేస్తారు కాబట్టి అక్కడ గంటా ముప్పావు, విమానంలో గంటంపావు, లగేజీకి 25 నిమిషాలు, విశాఖ ఊళ్లోకి 40 నిమిషాలు. మొత్తం 5 గంటల 20 నిమిషాలు. లగేజీ చేతి సంచే అయితే ముప్పావుగంట దాకా మిగులుతుంది.

టికెట్ కొనేటప్పుడు విశాఖలో దిగేది ఊరిని ఆనుకుని ఉన్న పాత విమానాశ్రయమా, భోగాపురంలోని కొత్తదా చూసుకోండి. భోగాపురమైతే ఊళ్లోకి ఆ 40 నిమిషాలు చాలవు, గంట పైనే వేసుకోవాలి. విజయనగరం వెళ్లేవాళ్లకైతే అదే దగ్గర.