ఫోన్ అసలు ఖరీదు నెలకెంతో ఇలా లెక్కేయండి

బిల్లు మీద కనిపించే అంకెతో ఆగిపోకండి. దానికి కేసు, స్క్రీన్ గార్డు, ఛార్జర్, క్లౌడ్ స్టోరేజీ చందా, రిపేర్లు కలపండి. చివర్లో అమ్మితే వచ్చేది తీసేయండి. మిగిలినదాన్ని వాడిన నెలలతో భాగించండి. రీఛార్జి ఏ ఫోనుకైనా తప్పదు కాబట్టి విడిగా రాసుకోండి.

ఇందులో కీలకం నెలల సంఖ్యే. దాన్ని ముందుగా దెబ్బతీసేది బ్యాటరీ. చాలా ఫోన్లలో 500 నుంచి 1000 పూర్తి ఛార్జింగుల తర్వాత దాని సామర్థ్యం 80 శాతానికి దిగుతుంది. నా పాత ఫోన్ మూడో ఏడాదికల్లా అలాగే తయారైంది. 20 శాతం ఉందని చూపిస్తూనే, ఫొటో తీయబోతే టక్కున ఆగిపోయేది. కొత్తది కొనేద్దామనుకున్నాను. ఎందుకో మనసొప్పక బ్యాటరీ మార్పించాను. ఇంకో రెండేళ్లు హాయిగా పనిచేసింది. 36 నెలలతో భాగించాల్సింది 60తో భాగించాను!

ఫోన్లో బయటపడే భద్రతా లోపాలను సరిచేసే సెక్యూరిటీ అప్‌డేట్లు ఎన్నేళ్లిస్తారో కూడా కొనేముందే చూడండి. 2023లో గూగుల్ తన పిక్సెల్ 8 ఫోనుకి 7 ఏళ్లు ప్రకటించింది. అన్ని ఫోన్లకూ అంత ఉండదు. అప్‌డేట్లు ఆగిపోయిన ఫోన్లో బ్యాంకు యాప్ తెరవాలంటే నాకు టెన్షనే. అందుకే లెక్కలో నెలలను ఆ గడువు దాటనివ్వను.