స్లీవ్ సర్జరీ తర్వాత మళ్లీ పెరిగిన బరువు: నా అనుభవం

బరువు తగ్గడానికి జీర్ణాశయంలో సుమారు 80 శాతం తొలగించే స్లీవ్ సర్జరీ జరిగిన కొన్నేళ్లకు నా బరువు మళ్లీ పెరగసాగింది. దానితోపాటే పాదాల్లో తిమ్మిర్లు, రాత్రి పడుకోగానే గొంతులోకి ఎగదన్నే పుల్లని తేన్పులు మొదలయ్యాయి. హనుమకొండలో సర్జన్‌ను, డైటీషియన్‌ను ఇద్దరినీ కలిశాను.

ఎండోస్కోపీలో అన్నవాహిక చివర ఒరుసుకుపోయినట్టు తేలింది. స్లీవ్ తర్వాత యాసిడ్ పైకి తన్నడం చాలామందిలో కనిపించేదేనని, మందులకు లొంగకపోతే దాన్ని గ్యాస్ట్రిక్ బైపాస్‌గా (జీర్ణాశయాన్ని చిన్న సంచిలా చేసి నేరుగా చిన్నపేగుకు కలిపే ఆపరేషన్‌గా) మార్చవలసి రావచ్చని సర్జన్ చెప్పారు. నాకు మాత్రలతోను, రాత్రి భోజనం పెందలాడే ముగించడంతోను తగ్గింది. తిమ్మిర్లకు కారణం బీ12 లోపం. జీర్ణాశయం చిన్నదైతే ఆ విటమిన్‌ను ఒంటికి పట్టించే పదార్థం కూడా తగ్గుతుంది కనుక ఇంజెక్షన్లు ఇచ్చారు. బీ12 రక్తపరీక్ష ఏటా చేయించుకోవాలని ఆపరేషన్ రోజునే ప్రతి రోగికీ గట్టిగా చెప్పాలని నా అభిప్రాయం.

బరువు సంగతి తేలడానికే ఎక్కువ కాలం పట్టింది. డైటీషియన్ నా తిండిని గంటలవారీగా రాయించారు. అన్నం కొంచెమే తింటున్నా, సాయంత్రం తినే సకినాలు చాయ్‌లో మెత్తబడి, కడుపు నిండినట్టు అనిపించకుండానే జారిపోతున్నాయని ఆ కాగితం చూశాకే తెలిసింది. ఇప్పుడు ముందు గుడ్డో, పప్పో, చికెనో తిని, ఆకలి మిగిలితేనే జొన్నరొట్టె ముక్క తుంచుకుంటున్నాను. రోజుకు కనీసం 60 గ్రాముల ప్రోటీన్ అందేలా చూసుకుంటున్నాను. తిన్న అరగంట వరకు నీళ్లు ముట్టను. పొద్దున భద్రకాళి చెరువు కట్ట మీద నడక, మధ్యమధ్య బరువులెత్తే వ్యాయామం సాగుతున్నాయి. పెరిగిన బరువులో సగానికి పైగా దిగింది. మిగిలినది నెమ్మదిగా దిగుతోంది.