కడియం నర్సరీకి హ్యూగోతో వెబ్‌సైటు

కడియంలో మొక్కలు అమ్మే నర్సరీకి నాలుగైదు పేజీల వెబ్‌సైటు కావాలంటే డేటాబేస్‌తో నడిచే పెద్ద వ్యవస్థ అనవసరం. మనం రాసిన పాఠ్యాన్ని సిద్ధమైన వెబ్ పేజీలుగా మార్చే, 2013లో తొలిసారి విడుదలైన హ్యూగో అనే కమాండ్‌లైన్ (ఆదేశాలు టైపు చేసి నడిపే) సాధనం చాలు.

విండోస్‌లో వింగెట్ ద్వారా, ఉబుంటులో ఆప్ట్ ద్వారా (ఇవి ప్రోగ్రాములను దించి అమర్చే సాధనాలు) దీన్ని ఇన్‌స్టాల్ చేసుకోవచ్చు. అయితే ఆప్ట్‌లో దొరికేది తరచు పాత వెర్షన్ కాబట్టి, కొత్త థీమ్ (సైటు రూపురేఖల అచ్చు) వాడదలచినవారు గిట్‌హబ్‌లోని హ్యూగో విడుదలల పేజీ నుండి దించుకోవడం మేలు. పిదప టెర్మినల్‌లో ‘హ్యూగో వెర్షన్’ అని, ఆంగ్ల అక్షరాలలోనే, టైపు చేస్తే వెర్షన్ సంఖ్య కనిపించాలి. లేకుంటే పాత్ అమరికను, అంటే ప్రోగ్రాములు ఏ ఫోల్డర్లలో ఉన్నాయో కంప్యూటరుకు చెప్పే జాబితాను, సరిచూడాలి.

‘హ్యూగో న్యూ సైట్ నర్సరీ’ అనే ఆదేశంతో ఆ పేరుగల ఫోల్డరు ఏర్పడుతుంది. అందులోని హ్యూగో.టామ్ల్ అనే అమరికల ఫైలు తెరిచి సైటు పేరు, చిరునామా, థీమ్ పేరు రాసి, ఆంగ్లమని ఉన్న భాషా సంకేతాన్ని తెలుగుకు మార్చాలి. థీమ్‌ను థీమ్స్ ఫోల్డరులో ఉంచాలి.

ఆ ఫోల్డరులో ‘హ్యూగో సర్వర్’ నడిపితే బ్రౌజరులో లోకల్‌హోస్ట్ (మన కంప్యూటరే) 1313 పోర్టు వద్ద సైటు తెరుచుకుంటుంది. నేను మందార మొక్కల పేజీ రాసి, అది ఎంతకీ కనిపించక ఒక సాయంత్రమంతా థీమ్‌ను తిట్టుకున్నాను. తీరా చూస్తే పేజీ తలభాగంలో ‘డ్రాఫ్ట్’ ఎదుట ‘ట్రూ’ అని, అంటే అది ఇంకా చిత్తుప్రతేనని, ఉంది. దాన్ని ‘ఫాల్స్’ చేయగానే పేజీ వచ్చింది.

చివరగా ఒట్టి ‘హ్యూగో’ అని నడిపితే సిద్ధమైన సైటు ఫైళ్లతో పబ్లిక్ ఫోల్డరు తయారవుతుంది. అందులో పాత ఫైళ్లు వాటంతటవి తొలగవు గనుక, ముందుగా దాన్ని ఖాళీ చేసి, మళ్లీ నిర్మించి, ఆ ఫైళ్లనే హోస్టింగ్‌కు (సైటును ఇంటర్నెట్‌లో ఉంచే సేవకు) ఎక్కించాలి.