కణాలు పెరిగే కొద్దీ ఆక్సిన్ లెక్క తప్పుతుంటే

హైదరాబాద్‌లో కంప్యూటర్‌లో మొక్కల కణజాలాన్ని మోడల్ చేయడం మొదలుపెట్టినవాళ్ళు పదే పదే అడుగుతున్న సమస్య ఇది. ఉత్పత్తి, క్షయం రెండూ సున్నా పెట్టినా, కణజాలం పెరిగే కొద్దీ మొత్తం ఆక్సిన్ (మొక్కల పెరుగుదల హార్మోన్) పెరిగిపోతుంది. టైమ్ స్టెప్ (ఒక్కో లెక్కకు మధ్య కాలం) తగ్గించడం, సాల్వర్ (సమీకరణాలు సాధించే ప్రోగ్రామ్) మార్చడం, ఆక్సిన్‌ను కణం బయటికి పంపే పిన్ ప్రోటీన్ విలువలు సవరించడం, ఏదీ పనిచేయలేదు.

కణం వైశాల్యం రెట్టింపైతే లోపలి హార్మోన్ పలచబడి గాఢత సగమవ్వాలి. కోడ్ గాఢతనే దాచుకుంటే అది తగ్గదు, లేని ఆక్సిన్ పుట్టుకొస్తుంది.

అందుకే ముందు ప్రతి కణానికీ గాఢత బదులు ఆక్సిన్ మొత్తాన్ని దాచాను. ప్రతి స్టెప్‌లో దాన్ని అప్పటి వైశాల్యంతో భాగిస్తే గాఢత వస్తుంది. ఆ గాఢతలతో ఒక్కో గోడ ప్రవాహాన్ని, గోడ పొడవుతో గుణించి, ఒక్కసారే లెక్కగట్టాను. ఒక కణంలో తీసినంతే పక్కదానిలో కలపాలి. రెండు వైపులా విడిగా లెక్కిస్తే మళ్ళీ తేడా రావచ్చు. పెరుగుదల ఆ తర్వాతే. ఇక విభజన: 100 యూనిట్లున్న కణం 60:40 వైశాల్యంతో చీలితే 60, 40గానే పంచాలి. కొందరి కోడ్‌లో తల్లి కణం విలువే రెండింటికీ కాపీ అవుతుంటుంది, ముందు అక్కడే వెతకండి.

ఇప్పుడు రౌండింగ్ తేడా తప్ప మొత్తం ఆక్సిన్ మారడం లేదు. ఇది అంచులు మూసిన 2డీ మోడల్‌లో చూసిన ఫలితం. గోడల మధ్య ఖాళీని విడిగా లెక్కించే మోడల్‌లో ఆ ఖాళీలకూ ఇదే చేయాల్సి రావచ్చు.