‘ఆంధ్రుల చరిత్రము’ను పెన్సిలు పట్టుకుని చదివే పద్ధతి

చిలుకూరి వీరభద్రరావు గారి ‘ఆంధ్రుల చరిత్రము’ మొదటి భాగం 1910లో, రెండో భాగం 1912లో వెలువడ్డాయి. బయ్యా నరసింహేశ్వర శర్మ గారి అధ్యక్షతన వేరు తెలుగు రాష్ట్రం గురించి చర్చించిన మొదటి ఆంధ్ర మహాసభ బాపట్లలో జరిగింది 1913లో. ఈ మూడు సంవత్సరాలనూ అట్ట లోపలి కాగితం మీద రాసుకున్న తరువాతే చదవడానికి కూర్చోవాలి. ఈ గ్రంథాన్ని ప్రచురించిన విజ్ఞాన చంద్రికా మండలిని 1906లో హైదరాబాదులో కొమర్రాజు లక్ష్మణరావు గారు, మునగాల రాజా నాయని వెంకట రంగారావు గారు, రావిచెట్టు రంగారావు గారు మొదలైనవారు నెలకొల్పారు. మద్రాసు రాజధానిలో, అంటే ఆనాటి మద్రాసు ప్రెసిడెన్సీలో, అరవవారి చాటున మిగిలిపోతున్నామని బాధపడుతూ వేరు రాష్ట్రం కోరుతున్న తెలుగువారికి, తమకూ ఒకనాడు పెద్ద రాజ్యం ఉండేదని చూపించే పుస్తకం అప్పటికి అవసరమైంది. ఆ అవసరాన్ని ఈ గ్రంథం తీర్చింది. అంతమాత్రాన దీన్ని ప్రచార సాహిత్యమని తోసిపుచ్చడం తొందరపాటు. అలా తోసిపుచ్చేవారిలో పది పుటలైనా చదివినవారు నాకు అరుదుగానే తారసపడ్డారు.

గ్రాంథిక భాషకు, అరసున్నలకు భయపడనక్కర్లేదు. రెండు రోజుల్లో కన్ను అలవాటు పడుతుంది. అసలు పని మార్జిన్లో ఉంటుంది. ‘ఆంధ్ర’, ‘ఆంధ్రులు’ అనే మాట కనిపించిన ప్రతిచోటా కింద గీత గీసి, ఆ మాట ఎవరిదో పక్కన ఒక్క అక్షరంతో గుర్తు పెట్టుకోవాలి: శాసనంలో ఉంటే ‘శా’, పురాణంలో ఉంటే ‘పు’, కావ్యంలో ఉంటే ‘కా’, రచయిత తానే వాడి ఉంటే ‘ర’. మొదటి పుటల్లోనే ఐతరేయ బ్రాహ్మణం ఎదురవుతుంది. విశ్వామిత్రుడు శపించిన కొడుకుల సంతతిగా పుండ్రులు, శబరులు, పుళిందులు, మూతిబులతోపాటు ఆంధ్రులను చెప్పిన గ్రంథమది. అక్కడ ఆ మాట ఒక జాతికి పేరు మాత్రమే. అది భాష పేరో, రాష్ట్రం పేరో కాదు. ఈ మూడు అర్థాల మధ్య గ్రంథకర్త ఎక్కడ దాటుతున్నారో కనిపెట్టడానికే ఈ గుర్తులు.

శాతవాహనుల అధ్యాయం దగ్గర బాగా నెమ్మదించాలి. వారిని ఆంధ్రులని, ఆంధ్రభృత్యులని (ఆంధ్ర సేవకులని) చెప్పేవి పురాణాలు. నాసిక్ గుహలో గౌతమీ బలశ్రీ చెక్కించిన ప్రశస్తి శాసనాన్ని దగ్గర పెట్టుకుని చూస్తే, ఆమె కొడుకు గౌతమీపుత్ర శాతకర్ణి ఏలిన దేశాల పట్టిక ప్రాకృతంలో వరుసగా కనిపిస్తుంది: అసిక, అసక, ములక, సురఠ, కుకుర, అపరాంత, అనూప, విదభ, ఆకరావంతి. ఎవరి గుర్రాలు మూడు సముద్రాల నీళ్లు తాగాయని ఆ శాసనం పొగిడిందో ఆ రాజు దేశాల పట్టికలో ఆంధ్రం పేరు లేదు. కాబట్టి ఆ అధ్యాయంలో నిజాయితీగా పెట్టవలసిన గుర్తు చాలాచోట్ల ‘పు’ అవుతుంది. నా ప్రతిలో ఆ పుటలు ‘పు’లతో నిండిపోయాయి. అయితే వెంటనే గ్రంథకర్తను తప్పుపట్టి సంబరపడకూడదు. కరీంనగర్ ప్రాంతంలోని కోటిలింగాలలో శాతవాహన వంశ మూలపురుషుడైన సిముకుని పేరుగల నాణేలు వీరభద్రరావు గారి కాలం గడిచాక ఎప్పటికో బయటపడ్డాయి. చేతిలో ఆ ఆధారం లేకుండానే ఆయన శాతవాహనులకు తూర్పు దక్కనుతో ముడిపెట్టిన బంధంలో కొంత నిలబడింది, కొంత నిలబడలేదు. ప్రతిష్ఠానం, అంటే నేటి పైఠాన్, ఏలిన ఇదే రాజులను మరాఠీ చరిత్రలు తమ తొలి రాజులుగా చెప్పుకుంటాయి. వీలైతే అలాంటి ఒక గ్రంథాన్ని పక్కన పెట్టుకుని ఈ అధ్యాయాన్ని మళ్లీ చదవండి.

‘కా’ గుర్తు ఒక్కటే చాలదు. కావ్యానికీ సంఘటనకూ మధ్య ఎన్నేళ్లు గడిచాయో దాని పక్కన అంకె వేయాలి. పల్నాటి వీరుల కథకు మనం ప్రధానంగా నమ్ముకునే శ్రీనాథుడు ఆ యుద్ధం జరిగిన దాదాపు రెండు వందల ఏళ్లకు పుట్టినవాడు. కాకతీయ రాజు ప్రతాపరుద్రుని ఆస్థానంలోనే ఉండి విద్యానాథుడు రాసిన ‘ప్రతాపరుద్రీయం’ దగ్గర ఆ అంకె సున్నా. ద్రాక్షారామం, శ్రీశైలం, కాళేశ్వరం అనే మూడు లింగాలతో దేశానికి త్రిలింగమనే పేరు చెప్పిన ఆ శ్లోకం, పొగడ్త కోసం రాసినదే అయినా, 14వ శతాబ్దపు ఆరంభంలో ఓరుగల్లు ఆస్థానం తన దేశాన్ని ఎలా ఊహించుకుందో చెప్పే సమకాలిక సాక్ష్యం. తెలంగాణ పాఠకులు ఆ పేరా పక్కన ‘ఆంధ్ర’, ‘త్రిలింగ’ అనే రెండు మాటలనూ విడివిడిగా గుర్తుపెట్టుకుంటే, 1910లో ఒకే ముద్దగా కనిపించినది 2014 తరువాత ఎందుకు విడిపోయి కనిపిస్తుందో తేలిగ్గా పోల్చుకోగలరు.

తేదీల విషయం చిన్నదే. శాలివాహన శకానికి 78 కలిపితే క్రీస్తు శకం వస్తుంది. సంవత్సరాంతపు మాసాలకు 79 కలపాలి. నల్లగొండ జిల్లా చందుపట్ల శాసనం శకం 1211 నాటిది, అంటే 1289. కాకతి రుద్రమదేవి, ఆమె సేనాని మల్లికార్జున నాయకుడు శివలోకానికి చేరారని అందులో ఉంది. ఆమె 1295 దాకా ఏలిందని పాత గ్రంథాలు చాలావాటిలో చదువుతాం. వీరభద్రరావు గారు రాసేనాటికి ఈ శాసనం లోకానికి తెలియదు గనుక, అలాంటి చోట తప్పు అని రాయకుండా ‘తరువాత దొరికినది’ అని రాయడం న్యాయం.

రెండు భాగాలూ ముగిశాక ‘ర’ గుర్తు పడిన వాక్యాలను మాత్రం ఒక తెల్లకాగితం మీద ఎత్తి రాయండి. ఆ వాక్యాలు శాతవాహనులకు గాని, కాకతీయులకు గాని సాక్ష్యం కావు. బాపట్ల సభకు ముందు మద్రాసు రాజధానిలోని చదువుకున్న తెలుగువారి మనసులో ఏముండేదో చెప్పే మూలాధారం మాత్రం అవే. ఆ కాగితాన్ని మడిచి, మూడు సంవత్సరాలు రాసుకున్న అట్ట లోపలే ఉంచండి.