కొమ్ము పురుగు కోసం చెట్టెక్కకండి, పెంటకుప్ప తవ్వండి

ఆదివారం పొద్దున్న ఏడింటికి మా వీధివాళ్లు ఎనిమిది పది మంది మా పెరట్లోకి వస్తారు. కాఫీ తాగుతారు, పార పట్టుకుంటారు, తోట పురుగుల్ని ఎలా అదుపు చేయాలో కలిసి నేర్చుకుంటాం. అంబాజీపేట దగ్గర మాకు ఎకరంన్నర కొబ్బరితోట ఉంది. నేను వ్యవసాయం చదువుకోలేదు. మందులకు డబ్బు తగలేసి నేర్చుకున్నది పక్కవాళ్లకు చెబుతున్నానంతే. మీ ఊళ్లో కూడా ఇలా మొదలుపెట్టాలంటే మొదటి వారం చెట్టు జోలికి వెళ్లకండి. పెంటకుప్ప దగ్గరికి తీసుకెళ్లండి.

విచ్చుకున్న కొబ్బరాకు కత్తెరతో కోసినట్టు త్రికోణాలుగా తెగి ఉంటే కొమ్ము పురుగు పని అని కోనసీమలో చిన్నపిల్లలకీ తెలుసు. అది ఎక్కడ పుట్టిందో మాత్రం ఎవరూ అడగరు. మొవ్వులోకి, అంటే చెట్టు నడినెత్తిన ఉండే లేత ఆకుల మొగ్గలోకి, తొలుచుకుపోయి నమిలేది పెద్ద పురుగు. దాని పిల్ల చెట్టు ముఖమే చూడదు. మాగిన పేడలో, కుళ్లిన పొట్టులో, పుచ్చిపోయిన కొబ్బరి దుంగలో నెలల తరబడి తిని పెరుగుతుంది. మా కుప్ప మొదటిసారి తవ్విన రోజు మోకాలి లోతులో, చంద్రవంకలా ముడుచుకుని, బొటనవేలంత లావున తెల్లటి పిల్లపురుగులు అరవై మూడు తేలాయి. "ఇవన్నీ మన చెట్లెక్కేవేనా అత్తయ్యగారూ?" అంది పక్కింటి కోడలు. "ఆయ్, మనం పెంచినవే" అన్నాను. ఆ రోజు మా కోళ్లకు పండగ.

అప్పట్నుంచి రెండు నెలలకోసారి కుప్ప తిరగేస్తున్నాం. మధ్యలో ఈ పిల్లపురుగుల్ని చంపే మెటారైజియం అనే శిలీంధ్రాన్ని నీళ్లలో కలిపి కుప్ప మీద పోస్తాం. ఎండ తగిలితే దాని బలం పోతుంది కాబట్టి సాయంత్రం పూట, ముందు కుప్పను బాగా తడిపి పోయాలి. ఇది పనిచేస్తుందని మాటలతో చెబితే ఎవరూ నమ్మరు. శిలీంధ్రం పట్టిన పిల్లపురుగును తడి పేడతో సహా గాజు సీసాలో వేసి అరుగు మీద పెట్టండి. ముందు తెల్లగా బూజు పడుతుంది, తర్వాత ఆకుపచ్చగా మారుతుంది. నా ఉపన్యాసాల కన్నా ఆ సీసాకే మా వీధిలో విలువెక్కువ.

ఇక చెట్టు మీది పని. దీనికి వేరే మనిషిని పెట్టక్కర్లేదు, కాయల దింపుకి వచ్చినవాళ్లకే చెట్టుకింత అని పైన ఇవ్వండి. వేపగింజల పొడి ఒక వంతు, ఇసుక రెండు వంతులు కలిపి చెట్టుకు 150 గ్రాములు, మొవ్వుకు ఆనుకుని ఉన్న మూడు మట్టల మొదళ్లలో వేయించాలి. చేతికందే చిన్న మొక్కలైతే అదే చోట మూడు నాఫ్తలీన్ ఉండలు పెట్టి ఇసుక కప్పండి, 45 రోజులకు మళ్లీ పెట్టండి. రంధ్రంలోంచి నమిలిన పిప్పి బయటికి వస్తోందంటే పురుగు ఇంకా లోపలే ఉంది. ఇనప కొక్కెంతో లాగాలి, కానీ మొవ్వుకు దెబ్బ తగలకూడదు. ఆ గాయాల్లోనే ఎర్రముక్కు పురుగు గుడ్లు పెడుతుంది. అది లోపలికి దిగిందంటే చెట్టు దక్కడం కష్టం.

తొలకరిలో ఇంకొకటి చేస్తాం. కిలో ఆముదం చెక్క అయిదు లీటర్ల నీళ్లలో నానబెట్టి, కుండల్లో పోసి తోటలో అక్కడక్కడా పెడతాం. ఆ వాసనకు పెద్ద పురుగులు వచ్చి పడతాయి. కుండ ఇంటికి దూరంగా పెట్టండి. మొదటిసారి నేను వంటింటి కిటికీ కింద పెట్టాను. మా అత్తగారు రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

రెండో పాఠం తెల్లదోమ. వలయాలుగా గుడ్లు పెట్టే ఈ రకం మన దేశంలో మొదట కనిపించింది 2016లో, తమిళనాడులోని పొల్లాచ్చి వైపు. తర్వాత మన కడియం నర్సరీల దాకా వచ్చింది. ఆకుల అడుగున తెల్లటి దూది, కింది ఆకుల మీద జిగురు, జిగురు మీద నల్లటి మసి. నాకు టెన్షన్ వచ్చేసి, కొట్టువాడు ఇచ్చిన ఘాటు మందు రెండుసార్లు కొట్టించాను. నెల తిరక్కుండా రెట్టింపయింది. ఎందుకో భూతద్దం కొన్నాక తెలిసింది. తెల్లదోమ పిల్లల్లో కొన్ని నల్లబడి, వాటి వీపు మీద గుండ్రటి రంధ్రం ఉంటుంది. ఎన్‌కార్సియా అనే కందిరీగ జాతి చిన్న పురుగు వాటి లోపల పెరిగి బయటికి వచ్చిన గుర్తు అది. నేను మందు కొట్టించి చంపుకున్నది ఆ పురుగునే.

అందుకే ఇప్పుడు ముందు ఒక ఆకు కోయించి అందరిచేతా ఆ రంధ్రాలు లెక్కపెట్టిస్తాను. బాగా కనిపిస్తే మందు ఊసెత్తం. నల్లబడినా ఇంకా రంధ్రం పడని పిల్లలున్న ఆకుల్ని తెచ్చి, అవి లేని చెట్లకు కడతాం. పెరట్లో జామ, అరటి మీదైతే గట్టిగా నీళ్లు కొడితే చాలావరకు రాలిపోతుంది. మసికి లీటరుకు 10 గ్రాముల మైదా ఉడికించిన గంజి చల్లితే, ఎండాక పొరలా ఊడొస్తుంది. మరీ ఎక్కువైతే తెల్లదోమను చంపే ఐసేరియా అనే శిలీంధ్రం ఉంది. అంబాజీపేట ఉద్యాన పరిశోధన స్థానంలో అడగండి, మోతాదు కూడా వాళ్లే చెబుతారు. అదీ సాయంత్రమే చల్లాలి.

మామిడి ఉన్నవాళ్లకు ఒక్కటే మాట. కొత్తపల్లి కొబ్బరైనా, బంగినపల్లైనా రాలిన కాయను చెట్టు కింద వదలొద్దు. పండు ఈగ పిల్లలు అందులోంచి మట్టిలోకి దిగుతాయి. రోజూ ఏరి రెండడుగుల లోతున పాతేయండి. వాసనతో ఈగల్ని లాగే మిథైల్ యూజినాల్ బుట్టలు కాయ పక్వానికి రాకముందే కట్టాలి. వాటిలో పడేవి మగ ఈగలే, ఆడవాటికి పక్క తోటల మగవి దొరుకుతాయి కాబట్టి ఒక్క ఇంట్లో కడితే లాభం తక్కువ. ఇక పెరట్లో వంగ మొక్కకు కొమ్మ వాడి వేలాడుతుంటే లోపల తొలిచే పురుగు ఉన్నట్టే, తుంచి కాల్చేయడమే.

కొమ్ము పురుగు ఎగిరే పురుగు, దానికి కంచెల లెక్క లేదు. 1996 తుఫానుకు కూలిన దుంగలు మా నాన్నగారి తోటలో ఏళ్ల తరబడి పడున్నాయి, పక్కన కొత్తగా వేసిన మొక్కలన్నీ మొవ్వులు తెగి నిలబడేవి. అప్పుడు ఆ రెంటినీ కలిపి చూడలేదు. ఇప్పుడు మా పక్క తోటాయన హైదరాబాదులో ఉంటారు. అక్కడా నాలుగు దుంగలు కుళ్లుతున్నాయి. ఫోన్ చేసి అడిగితే సరేనన్నారు. పోయిన వారం రెండు చీల్చాం, ఒక్కదాంట్లోనే ఇరవై పైన దొరికాయి. మిగతా రెండూ వచ్చే ఆదివారం. గొడ్డళ్లు ఎవరివి వాళ్లే తెచ్చుకోవాలి, కాఫీ మాత్రం నాదే.